తిరుచానూరు గుడి కేసు: శిక్ష తప్పింది, హక్కు రాలేదు

1925 నాటి మాట. చిత్తూరు జిల్లా తిరుచానూరులో ఒక పంచముడు దేవుడికి దండం పెట్టుకుందామని గుళ్ళోకి పోయినాడు. పట్టుకున్నారు. కేసు పెట్టినారు. కింది కోర్టు నేరం రుజువైందని చెప్పి 75 రూపాయల జుల్మానా వేసింది. కట్టలేకపోతే ఒక నెల కఠిన శిక్ష. ఆయన గుళ్ళో దొంగతనం చెయ్యలేదు, ఎవరినీ కొట్టలేదు, విగ్రహాన్ని తాకి పగలగొట్టలేదు. గుడి లోపల నిలబడినాడు. అదే నేరం.

అప్పీలు చిత్తూరు కోర్టుకు వచ్చింది. ఆయన తరఫున నిలబడింది రాజాజీ, అంటే చక్రవర్తి రాజగోపాలాచారి. సహాయ నిరాకరణ పిలుపు మీద వకీలు పని మానేసిన మనిషి. బ్రిటిష్ కోర్టుల గడప తొక్కగూడదన్న కాంగ్రెసు కట్టుబాటును పక్కనబెట్టి వచ్చి మాట్లాడినాడు. అవమానించాలనే ఉద్దేశాన్ని ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందని కోర్టు ముద్దాయిని వదిలేసింది. 1926 జనవరిలో గాంధీ తన 'యంగ్ ఇండియా'లో ఈ కేసు గురించి రాసినాడు. ఒట్టు పక్కనబెట్టి కోర్టుకు పోవడం తప్పు కాదని రాజాజీని సమర్థించినాడు.

ఈ కథను చెప్పేవాళ్ళు ఎక్కువగా ఇక్కడితో ఆపేస్తారు. రాజాజీ పెద్దమనసు, గాంధీ ఔదార్యం, కోర్టు న్యాయం అని మూడు ముక్కలు చెప్పి ముగిస్తారు. వకీలుకు పేరుంటుంది, ముద్దాయి మాత్రం 'ఒక పంచముడు'గానే మిగిలిపోతాడు. మేము ఈ కథను తిరగేసి చదవాలనుకుంటున్నాం. ఆ రోజు కోర్టు ఏమి తేల్చింది? ఏమి తేల్చకుండా వదిలేసింది? కుల వివక్ష మీద మన జిల్లాల్లో పనిచేస్తున్న కార్యకర్తలకూ, ఫిర్యాదులు రాసిపెట్టే టీచర్లకూ, విద్యార్థులకూ ఈ ప్రశ్న పాతబడలేదు.

మైల ఎవరు తేల్చాలి?

ఆయన మీద పెట్టింది భారత శిక్షాస్మృతి 295వ సెక్షన్. 1860లో వచ్చిన చట్టం అది. పూజాస్థలాన్ని గానీ పవిత్రమని జనం భావించే వస్తువును గానీ ధ్వంసం చేసినా, పాడు చేసినా, మైలపరచినా శిక్ష. అయితే ఒక షరతు ఉంది. ఒక వర్గం వాళ్ళ మతాన్ని అవమానించాలనే ఉద్దేశంతో చేసి ఉండాలి. లేదంటే, ఆ వర్గం దాన్ని అవమానంగా భావిస్తుందని తెలిసి చేసి ఉండాలి. ఒక మతం వాళ్ళు ఇంకో మతం వాళ్ళ గుడి మీదో మసీదు మీదో పడకుండా కాపాడటానికి పనికొచ్చే సెక్షను లాగానే పైకి కనపడుతుంది. ఇదే సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 298గా, 2024 జూలై 1 నుంచి, కొత్త నంబరుతో అమల్లో ఉంది.

చిక్కు 'మైలపరచడం' అనే మాట దగ్గర వస్తుంది. గోడ పగిలితే కంటికి కనపడుతుంది, కొలిచి చెప్పొచ్చు. మైల ఎట్లా కనపడుతుంది? ఒక మనిషి కాళ్ళు కడుక్కుని, కొబ్బరికాయ పట్టుకుని గుళ్ళోకి వస్తే మైల అయిందో లేదో ఏ పంచనామాలో రాస్తారు? దానికి కొలబద్ద చట్టంలో లేదు, కులం దగ్గర ఉంది. అంటే సర్కారు కోర్టు నేరాన్ని విచారించడానికి కులం దగ్గర కొలబద్దను అప్పు తెచ్చుకుంది. సవర్ణులు 'మాకు మైల అయింది' అంటే మైల అయినట్టే. మిగిలింది ఒక్కటే, వచ్చినవాడి మనసులో ఏముందో తేల్చడం.

మద్రాసు రాజధానిలో ఇది కొత్తేం కాదు. రామనాథపురం వైపు కముది గుళ్ళోకి 1897లో నాడార్లు పోయినారు. రామనాథపురం రాజా దావా వేస్తే అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1908లో తీర్పు రాజా పక్షానే వచ్చింది. నాడార్లకు ప్రవేశం లేదనడమే కాదు, గుడిని శుద్ధి చేయించుకున్న ఖర్చు కూడా వాళ్ళ నెత్తిన పడింది. కుల కట్టుబాటుకు తెల్లదొరల కోర్టు కాపలా కాసింది. మత విషయాల్లో జోక్యం చేసుకోమని చెప్పుకున్న పాలకులు, బయటికి నెట్టే పనిలో మాత్రం బాగానే జోక్యం చేసుకున్నారు.

తిరుపతి ప్రాంతంలో కూడా సంగతి ఇట్లాగే ఉండింది. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల, తిరుపతి గుళ్ళ పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతులకు అప్పజెప్పి పక్కకు తప్పుకుంది. 1932లో దేవస్థానాల చట్టం వచ్చి, 1933లో కమిటీ ఏర్పడేదాకా పెత్తనం మహంతులదే. కాబట్టి 1925లో గుడి పెత్తనం ఒకరిది, పోలీసు ఇంకొకరిది, కోర్టు మరొకరిది అని విడదీసి చూడాల్సిన పని లేదు. గుళ్ళోకి పోయిన ఆ మనిషికి ఎదురుగా అన్నీ కలిసే నిలబడినాయి.

ఇప్పుడు తీర్పు సంగతి చూద్దాం. 'అవమానించే ఉద్దేశం రుజువు కాలేదు' అని వదిలేసినారు. వినడానికి బాగుంది. ఆ మనిషి జైలు తప్పించుకున్నాడు, 75 రూపాయలు తప్పినాయి. ఆ రోజుల్లో కూలిపని చేసుకునే మనిషికి 75 రూపాయలంటే నెలల తరబడి కష్టం. ఆయన బయటపడటం మంచిదే, అందులో మాకు రెండో మాట లేదు.

కానీ ఒకసారి ఆయన ఇట్లా అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి: 'అవును, మీరు ఒప్పుకోరని నాకు తెలుసు. తెలిసే పోయినాను. గుడి నాది కూడా.' ఈ మాట అన్న మరుక్షణం 295వ సెక్షను ఆయన్ను పట్టుకునేది. అవమానంగా భావిస్తారని 'తెలిసి' చెయ్యడం కూడా ఆ సెక్షను ప్రకారం నేరమే గదా. అమాయకంగా వచ్చిన భక్తుణ్ణి ఆ చట్టం వదిలేస్తుంది, హక్కు ఉందని వచ్చిన మనిషిని శిక్షిస్తుంది. తిరుచానూరు మనిషి గెలిచింది భక్తుడిగా. మర్నాడు ఇంకొక పంచముడు అదే గుడికి పోవడానికి ఆ తీర్పులో దారి లేదు. గుడి గోడ అట్లాగే ఉంది. గోడ న్యాయమైనదా కాదా అని కోర్టులో ఎవరూ అడగలేదు.

దీనికి మేము ఆ ముద్దాయిని తప్పు పట్టడం లేదు. ఒంటరిగా పోయిన మనిషి ఒంటరిగా దొరికిపోయినాడు. వెనక సంఘం లేదు, పక్కన ఇంకో పదిమంది లేరు. అట్లాంటి మనిషిని తప్పించడానికి ఏ వకీలైనా చేసే పనే రాజాజీ చేసినాడు. అదే కాలంలో తిరువాన్కూరు సంస్థానంలో వైకం సత్యాగ్రహం నడిచింది, 1924 మార్చి 30 నుంచి 1925 నవంబరు దాకా, ఇరవై నెలలు. అక్కడ శిబిరం ఉంది, వంతులవారీగా అరెస్టయ్యే వలంటీర్లు ఉన్నారు, పెరియార్ లాంటివాళ్ళు జైలుకు పోయినారు. అంత చేసినా దక్కింది గుడి చుట్టూ ఉన్న దారుల్లో కొన్ని. గుడి తలుపు తెరుచుకోడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది. సంఘం ఉన్నచోటే ఇంత కష్టమైతే, సంఘం లేని ఒక్క మనిషిని హక్కు ఎందుకు గెలవలేదని ఎట్లా అడుగుతాం?

ప్రశ్నను తిప్పి వేయడం

రెండేళ్ళు తిరక్కముందే మహద్ పోరాటం వచ్చింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేలమంది నడిచి పోయి మహద్‌లో చౌదారు చెరువు నీళ్ళు తాగినారు. వాళ్ళు దప్పికకు తాగలేదు. చెరువు మునిసిపాలిటీది. అందరికీ తెరవాలని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసి ఉంది. తీర్మానం కాగితం మీదే ఉండిపోతే, దాన్ని కాళ్ళతో నడిచి అమలు చేసినారు. దెబ్బలు తిన్నారు. తిరిగి కొట్టగలిగిన మాజీ సైనికులు ఆ గుంపులో ఉన్నారు. అంబేద్కర్ వాళ్ళను ఆపినాడు.

సవర్ణులు కోర్టుకు పోయినారు. చెరువు తమదని, అంటరానివాళ్ళను రానియ్యకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమని వాదించినారు. పదేళ్ళు నడిచింది కేసు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తేల్చింది: అట్లాంటి అనాది ఆచారాన్ని మీరు రుజువు చెయ్యలేకపోయినారు అని.

ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చూడండి. చిత్తూరులో ప్రశ్న దళితుడికి పడింది: 'నీ ఉద్దేశమేంది?' మహద్ కేసులో ప్రశ్న సవర్ణులకు పడింది: 'ఆపే హక్కు మీకు ఎక్కడిది? చూపించండి.' రుజువు చేసుకోవాల్సిన బరువు ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మారింది. ఇది వకీళ్ళ తెలివి వల్ల వచ్చిన మార్పు కాదు. పట్టపగలు, తీర్మానం చేసుకుని, తెలిసే పోతున్నామని చెప్పి, గుంపుగా పోవడం వల్ల వచ్చింది. ఉద్దేశాన్ని దాచుకోలేదు కాబట్టి, ఉద్దేశం గురించి కోర్టు అడగడానికి ఏమీ మిగల్లేదు.

అమెరికాలో నల్లజాతి ప్రజల పోరాటాన్ని మన పాఠ్యపుస్తకాలు చెప్పే తీరులో కూడా ఇదే లోపం ఉంది. 1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ పట్నంలో రోజా పార్క్స్ అనే ఆమె బస్సులో తెల్లవాడికి సీటు ఇయ్యనన్నది, జుల్మానా వేసినారు, ఉద్యమం వచ్చింది, బస్సులు మారినాయి అని ముగిస్తారు. ఆమె మీద వేసింది 10 డాలర్ల జుల్మానా, 4 డాలర్ల ఖర్చులు. ఆ క్రిమినల్ కేసు అప్పీళ్ళలో ఈడ్చుకుంటా పోయింది గానీ దానివల్ల బస్సుల్లో వేరు సీట్ల పద్ధతి పోలేదు. పద్ధతి పోయింది ఇంకో కేసుతో. ఆరేలియా బ్రౌడర్, క్లాడెట్ కాల్విన్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీ స్మిత్ అనే నలుగురు నల్లజాతి ఆడవాళ్ళు, తామే వాదులుగా, ఫెడరల్ కోర్టులో దావా వేసినారు. క్లాడెట్ కాల్విన్ అరెస్టయ్యేనాటికి ఆమెకు 15 ఏళ్ళు. 'మేము నేరం చేసినామా లేదా' అన్నది వాళ్ళ ప్రశ్న కాదు. 'మమ్మల్ని వేరుగా కూర్చోబెట్టే అధికారం మీకు రాజ్యాంగం ఇచ్చిందా' అన్నది ప్రశ్న. 1956 జూన్‌లో గెలిచినారు, నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

అంతవరకూ 381 రోజులు జనం బస్సెక్కలేదు. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఆ పట్నం బస్సులెక్కేవాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళే. వాళ్ళు ఎక్కకపోతే కంపెనీకి ఆదాయం లేదు. వాళ్ళు ఊరికే మానుకోలేదు. సొంత కార్లున్నవాళ్ళు వంతులవారీగా జనాన్ని పనికి చేర్చినారు, చర్చీల్లో చందాలు పోగుచేసినారు, రాత్రికి రాత్రే వేల కరపత్రాలు తీసి పంచిన ఆడవాళ్ళ సంఘం అప్పటికే తయారుగా ఉంది.

జుల్మానా సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక ముచ్చట. 1961 జనవరి 31న రాక్ హిల్ అనే చిన్న పట్నంలో కాలేజీ పిల్లలు తెల్లవాళ్ళకు మాత్రమే తిండి పెట్టే కౌంటరు దగ్గర కూర్చున్నారు. శిక్ష 100 డాలర్ల జుల్మానా లేదా 30 రోజులు గొడ్డుచాకిరీ. తొమ్మిది మంది జుల్మానా కట్టమన్నారు, చాకిరీకే పోయినారు. 'మిమ్మల్ని వేరుగా పెట్టే సర్కారుకు మా డబ్బులు ఎందుకియ్యాలి' అని వాళ్ళ వాదన. 75 రూపాయలు లేదా నెల అన్న మన తిరుచానూరు శిక్షకూ, ఈ శిక్షకూ లెక్కలో పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడుందంటే, రాక్ హిల్ పిల్లలు జైలుకు పోతామని ముందే మాట్లాడుకుని పోయినారు. బయట వాళ్ళకోసం జనం ఉన్నారు. 2015 జనవరిలో అక్కడి కోర్టు ఆ పాత శిక్షలన్నింటినీ కొట్టేసింది, 54 ఏళ్ళ తర్వాత.

అహింస అంటే దెబ్బలు తినడమేనా

తిరుపతిలో విద్యార్థులతో కూర్చుని ఈ విషయాలు మాట్లాడుకున్నప్పుడు ఒక అబ్బాయి అడిగినాడు: 'అహింస అంటే దెబ్బలు తినడమేనా అన్నా? మనవాళ్ళు ఇన్ని వందల ఏళ్ళుగా తింటానే ఉన్నారు గదా?' ప్రశ్న న్యాయమైనదే. కారంచేడు 1985, చుండూరు 1991 చూసిన సమాజంలో అహింస గురించి దళితులకు పాఠం చెప్పబోవడం సిగ్గుమాలిన పని. పాఠం అవసరమైంది ఎవరికో అందరికీ తెలుసు. కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో పుట్టిన కదలిక, ఆ ఏడాదే ఏర్పడిన దళిత మహాసభ, ఇవి ఓర్చుకోమని చెప్పలేదు, నిలబడమని చెప్పినాయి.

అందుకే మేము ఇట్లా విడదీసి చూస్తున్నాం. దెబ్బ తిని ఊరుకోవడం వేరు. ఆ దెబ్బను పదిమంది ముందు, కాగితం మీద, కోర్టులో, కొట్టినవాడికి వ్యతిరేకంగా నిలబెట్టడం వేరు. మొదటిదానికి తయారీ అక్కర్లేదు, రెండోదానికి కావాలి. 1960లో నాష్‌విల్ పట్నంలో కౌంటర్ల దగ్గర కూర్చున్న విద్యార్థులు అంతకుముందు నెలల తరబడి తర్ఫీదు తీసుకున్నారు. ఒకరు తెల్లవాడి వేషం కట్టి తిడతాడు, జుట్టు పట్టి లాగుతాడు. ఇంకొకరు కదలకుండా కూర్చోవడం నేర్చుకుంటారు. ఆ తర్ఫీదు ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకుముందు మూడేళ్ళు మన నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీలో పనిచేసి పోయినవాడు. 1956లో అంబేద్కర్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నది ఆ నాగపూర్‌లోనే. లాసన్ అక్కడ గాంధీని చదువుకున్నాడని అందరూ రాస్తారు. పక్క వీధుల్లో ఇంకో ఉద్యమం నడుస్తా ఉన్నదని తక్కువమంది రాస్తారు.

మన పల్లెల్లో మాంట్‌గోమరీ లెక్క తిరగబడుతుంది. అక్కడ బహిష్కరణ అణగారినవాళ్ళ చేతి ఆయుధం. ఇక్కడ అది ఊరిపెద్దల చేతి ఆయుధం. గుళ్ళోకి వస్తామన్నందుకో, టీ అంగట్లో అందరి గ్లాసు అడిగినందుకో ఆదిఆంధ్రవాడ మొత్తానికి కూలి పనులు ఆపేస్తారు. సరుకుల అంగడివాడు సామాను ఇయ్యడు. పొలాల మీది దారి మూసేస్తారు. గొడ్లు మేపుకోడానికి గట్టు దొరకదు. మహద్ తర్వాత కూడా ఇదే జరిగింది, ఊళ్ళకు తిరిగొచ్చినవాళ్ళను వెలివేసినారు. భూమి లేని మనిషి చేసే సత్యాగ్రహం, భూమి ఉన్న మనిషి చేసే సత్యాగ్రహం ఒకటి కాదని అంబేద్కర్ పదే పదే గుర్తుచేసింది అందుకే. దళితుల చేతిలో ఏమీ లేదని కాదు. పలక కొట్టమని, చచ్చిన గొడ్డును ఎత్తమని తేల్చి చెప్పినప్పుడు ఊరు ఉలిక్కిపడటం మన పెద్దవాళ్ళకు తెలుసు. కానీ ఆ ఆయుధం పట్టుకోవాలంటే నాలుగు నెలల గ్రాసం ఎక్కడినుంచి వస్తుందో ముందు లెక్క చూసుకోవాలి. ఊరికి దూరంగా పట్నంలో కూర్చుని పల్లె జనాన్ని గుళ్ళోకి నడవమని పిలుపిచ్చేవాళ్ళు ఈ లెక్క వెయ్యరు.

గుడి గురించి కూడా ఒక మాట. గుళ్ళోకి పోవడమే విముక్తి అని మేము అనుకోవడం లేదు. అంబేద్కర్ 1930లో నాసిక్ కాలారాం గుడి సత్యాగ్రహం మొదలుపెట్టి, తర్వాత 1934లో తానే చెప్పినాడు, విగ్రహాలకు మొక్కించడానికి కాదు, జనంలో కదలిక తేవడానికే ఆ పని చేసినానని. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించినాడు. గుళ్ళోకి పోవాలా వద్దా అన్నది దళితుల ఇష్టం. ఆపే హక్కు ఎవరికీ లేదన్నది వేరే సంగతి. ఈ రెంటినీ కలగలిపి 'మీకు గుడి మీద నమ్మకం లేదు గదా, మరి ఎందుకు గోల' అని అడిగేవాళ్ళు ఇప్పటికీ మన కాలేజీల్లో ఉన్నారు.

మద్రాసు చట్టాలు, ఒక తిరకాసు

చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి మద్రాసు చట్టాలే మనకు వర్తించినాయి. 1938లో ఎం.సి. రాజా పట్టుదల వల్ల పౌర నిషేధాల తొలగింపు చట్టం వచ్చింది. దారులు, బావులు, సర్కారు ఖర్చుతో నడిచే స్థలాల్లో ఆటంకాలు పెట్టరాదని అందులో ఉంది. అదే ఏడాది ఆయన గుళ్ళ ప్రవేశానికి కూడా బిల్లు తెచ్చినాడు. ఆ బిల్లును వెనక్కి తీసుకోమన్నది ఎవరో తెలుసా? అప్పటి ప్రధానమంత్రి రాజాజీ. పదమూడేళ్ళ కింద చిత్తూరు కోర్టులో నిలబడిన మనిషే. రాష్ట్రమంతటికీ ఒకేసారి వద్దు, ముందు మలబారులో చూద్దాం, సవర్ణుల మనసు మారనీ అని ఆయన లెక్క. ఎం.సి. రాజా నొచ్చుకున్నాడు, బిల్లు ఓడిపోయింది. మేము దీన్ని ద్రోహం అని తిట్టి పక్కకు పోదల్చుకోలేదు. ఒక మనిషిని శిక్ష నుంచి తప్పించడానికి సిద్ధపడే సవర్ణ ఉదారవాదం, హక్కును అందరికీ ఒకేసారి రాసియ్యమంటే వెనక్కి తగ్గుతుంది. చిత్తూరు వాదనకూ మద్రాసు శాసనసభ వాదనకూ మధ్య మాకు పెద్ద వైరుధ్యం కనపడలేదు. రెంటిలోనూ గోడ అట్లాగే ఉంది.

1939 జూలై 8న మదురై మీనాక్షి గుళ్ళోకి వైద్యనాథ అయ్యర్ వెంట దళితులూ నాడార్లూ పోయినారు. పోయినవాళ్ళకూ, రానిచ్చినవాళ్ళకూ శిక్ష పడకుండా హడావిడిగా ఒక చట్టం తెచ్చినారు. దాని ప్రకారం గుడి తెరవడం ధర్మకర్తల ఇష్టం, సర్కారు అనుమతి. హక్కు కాదు, అనుమతి. 1947లో వచ్చిన మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టంతో గానీ అది హక్కు కాలేదు. దక్షిణ కన్నడంలోని మూల్కి వెంకటరమణ గుడివాళ్ళు ఈ చట్టాన్ని సవాలు చేస్తే 1957లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. అప్పటికి రాజ్యాంగం 17వ అధికరణం వచ్చి ఏడేళ్ళు దాటింది, 1955 అంటరానితనం నేరాల చట్టం అమల్లోకి వచ్చింది.

గుడి గడప దాటినాక గర్భగుడి గడప ఉంటుంది. వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దుచేసిన ఆంధ్రప్రదేశ్ 1987 చట్టాన్ని 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2007లో తిరుమల తిరుపతి దేవస్థానాలు 'దళిత గోవిందం' పేరుతో స్వామి విగ్రహాలను దళితవాడలకే తెచ్చి పూజలు చేయించినాయి. దాన్ని సంతోషంగా ఆహ్వానించినవాళ్ళూ వాడల్లో ఉన్నారు, వాళ్ళను ఎగతాళి చెయ్యడం మా పని కాదు. కానీ దేవుడే నడిచొచ్చినాడని పత్రికలు మురిసిపోయినప్పుడు, అదే వాడవాళ్ళు పక్కనున్న ఊరి రామాలయంలోకి పోగలుగుతున్నారా అని కూడా అడగాల్సింది.

కాగితం గ్లాసు

మన టీ అంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కొబ్బరిచిప్ప పోయి సత్తుగ్లాసు వచ్చింది, అది పోయి చూరులో దోపిన వేరే గాజుగ్లాసు వచ్చింది. 1998లో ఏర్పడిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం లాంటి సంఘాలు అంగళ్ళ ముందు కూర్చుని, అందరి గ్లాసులో టీ అడిగి తాగించినాయి. ఇది రాక్ హిల్ కౌంటరుకు ఏమీ తీసిపోని పని. ఆ తర్వాత చాలాచోట్ల కాగితం గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు వచ్చినాయి. అందరికీ ఒకటే అయితే గొడవ లేదు. దళితుడు వస్తే కాగితం గ్లాసు, రెడ్డిగారో నాయుడుగారో వస్తే గాజుగ్లాసు అయినప్పుడు అడిగితే 'శుభ్రం కోసం సార్' అంటారు. వివక్ష నేర్చుకుంది, రుజువు దొరక్కుండా ఉండటం.

అందుకే ఫిర్యాదు రాయడం దగ్గరికి వస్తాం. ఇది చిన్న పని కాదు. చిత్తూరు కేసులో ఉద్దేశం రుజువు కాలేదని దళితుడు బయటపడినాడు. ఇప్పుడు అదే 'ఉద్దేశం' మాట అవతలివాళ్ళను కాపాడుతోంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో కులం పేరుతో అవమానించే నేరానికి ఉద్దేశం చూపాలి, జనం చూసేచోట జరిగి ఉండాలి. ఇంట్లో గోడల మధ్య తిడితే జనం చూసేచోటు కాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అన్నది. మన ఫిర్యాదులు చాలావరకు ఈ ఒక్క క్లాజు మీదే ఆధారపడతాయి. తిట్టినాడు, తిట్టినాడు అని రాస్తారు. తిట్టు గాల్లో కలిసిపోతుంది, సాక్షులు ఎదురుతిరుగుతారు.

2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన భాగంలో వేరే దారి ఉంది. మూడో సెక్షనులోని 'జెడ్ ఏ' క్లాజు చదవండి. ఉమ్మడి నీళ్ళు, శ్మశానం వాడుకోకుండా ఆపినా, సైకిలు మోటారుసైకిలు ఎక్కనియ్యకపోయినా, పెళ్ళి ఊరేగింపు ఆపినా, జనానికి తెరిచిన గుళ్ళోకి గానీ జాతరలోకి గానీ రానియ్యకపోయినా, అంగట్లో అందరి వాడుక కోసం పెట్టిన గ్లాసులు గిన్నెలు ముట్టనియ్యకపోయినా నేరం. ఆరు నెలలకు తక్కువ కాకుండా ఐదేళ్ళ దాకా శిక్ష. ఇక్కడ అవమానించే ఉద్దేశం రుజువు చెయ్యమని లేదు. ఆపినాడా లేదా అన్నదే ప్రశ్న. 'జెడ్ సి' క్లాజులో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే, కూలి ఆపేసిన ఊళ్ళకు పనికొచ్చేది అది.

పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని 1976లో పేరు మారిన ఆ 1955 చట్టంలో 12వ సెక్షను ఇంకా బలమైంది. షెడ్యూల్డు కులం మనిషి పట్ల అట్లాంటి పని జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా అనుకోవాలి. కాదని చూపించుకోవాల్సింది అవతలివాడు. మహద్‌లో జనం కాళ్ళతో సాధించిన తిరగబడిన ప్రశ్నే ఇది, చట్టంలోకి ఎక్కింది. అయితే అదే చట్టంలో గుళ్ళోకి రాకుండా ఆపినవాడికి జుల్మానా 100 రూపాయల నుంచి 500 దాకా, జైలు నెల నుంచి ఆరు నెలలు. 1925లో లోపలికి పోయినందుకు 75 రూపాయలు, ఇప్పుడు ఆపినందుకు కనీసం 100.

కాబట్టి కార్యకర్తలకు మేము చెప్పేది ఇది. ఒకరుగా పోవద్దు. పోయేముందు వాడలో కూర్చుని మాట్లాడుకోండి, కూలి ఆగితే ఏం చెయ్యాలో తేల్చుకోండి. పోతున్నామని తహసీల్దారుకు, పోలీసు స్టేషనుకు ముందే రాతమూలకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆపినవాళ్ళు ఎవరు, ఏ గడప దగ్గర, ఏ గ్లాసు, ఎంత సమయానికి, పక్కన ఎవరున్నారు అన్నది అదే రోజు రాసుకోండి. ఫిర్యాదు మొదటి వాక్యంలో తిట్టు రాయకండి, ఆపిన సంగతి రాయండి. తిట్టు తర్వాత రాయొచ్చు. కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చెయ్యాలని స్టేషనులో అంటే, 2018లో చేర్చిన 18-ఏ సెక్షను ప్రకారం అది అవసరం లేదని చెప్పండి. దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి, ఎస్సై కాదు. 'మీరు గొడవ చెయ్యడానికే పోయినారు గదా' అని అడుగుతారు. అడిగినప్పుడు, లేదు సార్, తెలియక పోయినాం అనొద్దు. తెలిసే పోయినామని రాయించండి.